పుష్కర సరస్సు: తీర్థ మహిమ ఎక్కడుంది?

రాజస్థాన్‌లోని అజ్మీర్ నుంచి వాయవ్య దిశగా నాగ్ పహాడ్ అనే కొండ దాటితే, పదిహేను కిలోమీటర్ల లోపే పుష్కర్ పట్టణం వస్తుంది. చుట్టూ ఆరావళి కొండలు, వాటి సందుల్లోకి చొచ్చుకొచ్చిన ఇసుక మేటలు, నడుమ సుమారు 22 హెక్టార్ల సరస్సు. ఒడ్డు చుట్టూ మెట్లు కట్టిన 52 స్నానఘట్టాలు, వాటి వెనుక వందల కొద్దీ చిన్నా పెద్దా గుళ్ళు, తెల్ల సున్నం వేసిన ఇళ్ళు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఊరి జనం 21 వేల పైచిలుకు మాత్రమే. కార్తీక శుద్ధ ఏకాదశి నుంచి పౌర్ణమి దాకా సాగే స్నానాలకూ, ఆ రోజుల్లోనే జరిగే ఒంటెల సంతకూ వచ్చేవారి లెక్క లక్షల్లోకి వెళుతుంది.

ఎడారి అంచున ఉన్న ఇంత చిన్న చెరువును పురాణాలు తీర్థరాజమన్నాయి. దాంతో భారతీయ చింతనలో చాలాకాలంగా నలుగుతున్న ప్రశ్న ఒకటి ఇక్కడ ఎదురవుతుంది. తీర్థ మహిమ ఎక్కడుంటుంది? నీళ్ళలోనా, ఆ చోటులోనా, మునిగే మనిషి మనసులోనా? పుష్కర్ చరిత్రలో ఈ మూడు జవాబులకూ ఆధారాలున్నాయి. ఏ ఒక్కదానితోనూ సరిపెట్టుకోవడానికి వీల్లేని సందర్భాలూ ఉన్నాయి.

పేరు, కథ

సంస్కృతంలో పుష్కరమంటే తామర. నీరు, ఆకాశం అనే అర్థాలు కూడా ఉన్నాయి. ఊరి కథలో ఈ మూడూ కలుస్తాయి. పద్మపురాణం సృష్టిఖండం ప్రకారం బ్రహ్మ చేతిలోని తామర ఆకాశం నుంచి భూమి మీద పడింది. అది తగిలిన మూడు చోట్ల నీరు ఊరింది. ఆ మూడు చోట్లే జ్యేష్ఠ, మధ్యమ, కనిష్ఠ పుష్కరాలు. పట్టణంలోని పెద్ద సరస్సు జ్యేష్ఠ పుష్కరం. దాని అధిదేవత బ్రహ్మ. మిగతా రెంటికీ విష్ణువు, శివుడు.

తామర పడిన చోట బ్రహ్మ యజ్ఞం తలపెట్టాడు. ధర్మపత్ని పక్కన లేనిదే యజ్ఞం సాగదు. సావిత్రి రావడం ఆలస్యమైంది, ముహూర్తం దాటిపోతోంది. ఇంద్రుడు వెళ్ళి గాయత్రి అనే గొల్లపిల్లను తీసుకొచ్చాడు. బ్రహ్మ ఆమెను పెళ్ళాడి యజ్ఞానికి కూర్చున్నాడు. తర్వాత వచ్చిన సావిత్రి జరిగింది చూసి కోపంతో బ్రహ్మకు ఇకపై లోకంలో పూజలుండవని శపించి, కొండెక్కి కూర్చుంది. సరస్సు ఒడ్డున నిలబడి చూస్తే రత్నగిరి కొండ కొసన సావిత్రి గుడి ఇప్పటికీ కనబడుతుంది. కింద ఊళ్ళోని బ్రహ్మ ఆలయంలో నాలుగు ముఖాల మూర్తి పక్కన కూర్చున్నది గాయత్రి. ఇప్పుడున్న ఆ ఆలయ నిర్మాణం 14వ శతాబ్ది నాటిదని చెబుతారు. ఎర్రటి శిఖరం, ద్వారం మీద హంస దాని గుర్తులు.

బ్రహ్మకు గుళ్ళు ఎందుకు తక్కువ

లోకంలో బ్రహ్మకు ఉన్న గుడి ఇదొక్కటేనని తరచూ వినిపించే మాట నిజం కాదు. గుజరాత్‌లోని ఖేడ్‌బ్రహ్మలో గుడి ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలులో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించిన చతుర్ముఖ బ్రహ్మ ఆలయం ఉంది. అదీ కోనేటి నడుమనే ఉంది. అక్కడ లింగానికి నాలుగు వైపులా నాలుగు బ్రహ్మ రూపాలు మలిచారు. బ్రహ్మను ఒంటరిగా కాక, శివలింగంతో కలిపి నిలిపిన తీరు అది. తుంగభద్ర ఒడ్డున అలంపురంలో బాదామి చాళుక్యుల నాటి తొమ్మిది ఆలయాలకు నవబ్రహ్మలన్న పేరుంది. బాలబ్రహ్మ, కుమారబ్రహ్మ, అర్కబ్రహ్మ, వీరబ్రహ్మ అంటూ పేర్లన్నీ బ్రహ్మవే, గర్భగుడుల్లో ఉన్నది మాత్రం శివలింగాలు. బ్రహ్మ ఆలయాలు అసలు లేకపోలేదు. ఉన్నవి తక్కువ, ఉన్నచోటనైనా ఆయన వేరొకరి నీడలో ఉంటాడు.

దీనికి పురాణం చెప్పే కారణాలు శాపాలు. ఒకటి సావిత్రిది. రెండోది శివుడిది: జ్యోతిర్లింగం కొన చూశానని బ్రహ్మ అబద్ధమాడాడు, మొగలిపువ్వు దొంగసాక్ష్యం చెప్పింది, ఫలితంగా ఒకరికి పూజ లేకుండా పోయింది, మరొకరు శివపూజకు పనికిరాకుండా పోయారు. వేదాంతం వైపు నుంచి చూస్తే కారణం మరోలా ఉంటుంది. ఉపనిషత్తులు వెతికిన బ్రహ్మం నపుంసకలింగ పదం, రూపం లేని పరతత్త్వం. చతుర్ముఖ బ్రహ్మ పుంలింగం, ఆ తత్త్వం నుంచి పుట్టినవాడు, ఆయుర్దాయం ఉన్నవాడు. సృష్టి ఆయన పని. మోక్షం కోరేవాడు సృష్టి నుంచి బయటపడాలనుకుంటాడు గనుక సృష్టికర్తను అడగవలసింది పెద్దగా ఉండదు. నిత్యజీవితంలో కాపుదల కావాలనుకునేవారు విష్ణువును, అమ్మవారిని, శివుణ్ణి ఆశ్రయిస్తారు. తలరాత రాసేసిన వాడి దగ్గర ఇక మొరపెట్టుకునేదేముందన్న లోకం పోకడ కూడా ఇందులో ఉంది.

చరిత్ర వైపు నుంచి మూడో వివరణ ఉంది. బ్రహ్మ వైదిక యజ్ఞానికి ప్రతిరూపం. ఆయన చేతుల్లో కనబడేవి యజ్ఞానికి కావలసిన స్రుక్కు, కమండలం, వేదాలు, జపమాల. శైవ, వైష్ణవ, శాక్తేయాల్లా ఆయన పేరిట పెద్ద సంప్రదాయం నిలవలేదు, ఆగమాలు పెరగలేదు. యజ్ఞం వెనకబడి ఆలయ పూజ, యాత్ర, వ్రతం ముందుకొచ్చిన కాలంలో యజ్ఞదేవతకు ఆరాధకులు తగ్గడం సహజం.

యజ్ఞం నుంచి తీర్థానికి

ఈ మార్పు మహాభారతంలోనే స్పష్టంగా వినబడుతుంది. అరణ్యపర్వంలో నారదుడు ధర్మరాజుకు ఒక పాత సంభాషణ చెబుతాడు. భీష్ముడు అడగగా పులస్త్యుడు తీర్థాల వరుస వివరించిన సంభాషణ అది. దానికి మొదట ఒక ఆర్థిక వాదన ఉంది. యజ్ఞానికి సంభారాలు కావాలి, ధనం కావాలి, మనుషులు కావాలి. అది రాజులకూ ధనవంతులకూ చెల్లే పని. పేదవాడు చేయగలిగినది తీర్థయాత్ర, దాని ఫలం యజ్ఞఫలాన్ని మించింది. ఇలా చెప్పి పులస్త్యుడు ఎత్తుకున్న మొదటి తీర్థం పేరు పుష్కరం.

ఆ వరుసలో పుష్కరమే ముందు రావడాన్ని ఈ వాదనతో కలిపి చదవవచ్చు. బ్రహ్మ స్వయంగా యజ్ఞం చేసిన చోటు, యజ్ఞం చేయలేని వారికి అదే ఫలం ఇచ్చే చోటుగా మారింది. సమిధలు, నెయ్యి, ఋత్విక్కులు అవసరం లేదు. నడిచి వచ్చి మునిగితే చాలు. సావిత్రి శాపం వల్ల పూజ పోగొట్టుకున్న దేవుడు, ఈ చెరువు ఒడ్డున యాత్రికులకు ఆతిథ్యమిచ్చే దేవుడుగా మిగిలాడు. గాయత్రి కథకూ ఇదే పోలిక ఉంది. యజ్ఞశాలలో ధర్మపత్ని స్థానం దక్కింది ఊళ్ళో పాలు అమ్ముకునే ఇంటి పిల్లకు. వేదమాత పేరు ఆమెదే.

అదే ప్రకరణం ఇంకొక షరతు కూడా పెట్టింది. చేతులు, కాళ్ళు, మనసు అదుపులో ఉన్నవాడు, దానాలు పట్టకుండా ఉన్నదానితో తృప్తిపడేవాడు, అహంకారం లేనివాడు తీర్థఫలం పొందుతాడని పులస్త్యుడి మాట. పేదవాడికి సులభమైన దారి చూపిన గ్రంథమే ఆ దారిని లోపలి నుంచి కష్టతరం చేసింది.

నీళ్ళను నమ్మనివారు

నీటి స్నానం పాపం కడుగుతుందన్న నమ్మకాన్ని బౌద్ధం సూటిగా ప్రశ్నించింది. థేరీగాథల్లో పుణ్ణిక అనే దాసి కథ ఉంది. చలిలో వణుకుతూ నదిలో మునుగుతున్న బ్రాహ్మణుణ్ణి ఆమె అడిగిన ప్రశ్న చిన్నది: నీళ్ళు శుద్ధి చేసేవైతే కప్పలకూ, తాబేళ్ళకూ, మొసళ్ళకూ స్వర్గం రావాలి కదా? పాపాన్ని తీసుకుపోయే ప్రవాహం పుణ్యాన్ని మాత్రం వదిలిపెడుతుందా అన్నది దాని కొనసాగింపు.

ఇది బయటివారి విమర్శగా మిగిలిపోలేదు. తీర్థాలను పొగడడానికే పుట్టిన స్కాందపురాణం కాశీఖండం కూడా ఇదే తర్కం వాడింది: నీళ్ళలోనే పుట్టి నీళ్ళలోనే చచ్చే చేపలు స్వర్గానికి పోవు, ఎందుకంటే వాటి మనోమలం పోలేదు. సత్యం, ఓర్పు, ఇంద్రియ నిగ్రహం, భూతదయ, దానం, మృదుభాషణం — ఇవి మానస తీర్థాలని అక్కడ లెక్కపెట్టింది. నీళ్ళను మాత్రమే నమ్మడం తప్పన్న విషయంలో దాసి పుణ్ణికకూ పురాణకర్తకూ తేడా లేదు. తేడా తర్వాతి మెట్టులో వస్తుంది. పుణ్ణిక నీళ్ళను వదిలేసి శీలాన్ని పట్టుకోమంది. పురాణం రెంటినీ పట్టుకోమంది.

రెండూ ఎందుకు అనే ప్రశ్నకు మహాభారతం అనుశాసనపర్వం ఒక జవాబిచ్చింది. ఒంట్లో కొన్ని అవయవాలు ఇతర అవయవాల కన్నా పవిత్రమైనట్టే భూమిలో కొన్ని చోట్లు పవిత్రం. అలా కావడానికి కారణాలు మూడు: ఆ నేల అద్భుత ప్రభావం, ఆ నీటి తేజస్సు, మునుల పరిగ్రహం. భూమి మీది తీర్థంలోనూ మనసులోని తీర్థంలోనూ మునిగినవాడే పరమగతి పొందుతాడని ముగింపు. ఈ మూడు కారణాల్లో మొదటి రెండూ ప్రకృతివి, మూడోది మనుషులది. పరిగ్రహమంటే స్వీకరించడం, తమదిగా చేసుకోవడం. మునులు వచ్చి ఉండకపోతే మంచి నేల, మంచి నీరు మంచి నేల, మంచి నీరుగానే ఉండేవి.

ఎవరెవరి పరిగ్రహం

పుష్కర్‌ను తమదిగా చేసుకున్నవారి వరుస చాలా పాతది. నాసిక్ గుహలోని ఒక శాసనం పశ్చిమ క్షత్రప రాజు నహపాణుడి అల్లుడు ఉషవదాతుడిది, సుమారు 1900 ఏళ్ళ నాటిది. మాలవుల ముట్టడిలో చిక్కిన ఉత్తమభద్రులను విడిపించి, అక్కడి నుంచి పుష్కరానికి వెళ్ళి స్నానం చేసి, మూడు వేల గోవులనూ ఒక గ్రామాన్నీ దానమిచ్చానని అందులో ఉంది. ఈ మాట చెక్కిన గుహ బౌద్ధ భిక్షువుల కోసం తొలిపించినది. పుష్కరంలో మునగడానికీ భిక్షువులకు గుహ ఇవ్వడానికీ ఆ శక రాజబంధువుకు వైరుధ్యం కనబడలేదు.

మొగల్ చక్రవర్తి జహంగీర్ 1613 నుంచి 1616 దాకా అజ్మీర్‌లో ఉన్నాడు. పుష్కర్‌కు వేటకు వెళ్ళేవాడు. ఒడ్డున అతని మహలు శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. వరాహమూర్తిని పగలగొట్టించి చెరువులో పడవేయించానని తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఈ చెరువుకు అడుగే లేదని జనం అంటున్నారని విని, కొలిపించి, 12 మూరలకు మించి ఎక్కడా లోతు లేదనీ తేల్చాడు. కొలత సరైనదే కావచ్చు. ఎడారి అంచున నీళ్ళ కోసం వచ్చేవాడికి అడుగు లేదనే మాట లోతు లెక్క కాదు, ఎండిపోదన్న భరోసా. అందుకే కొలత తేలాక కూడా స్నానాలు ఆగలేదు. ఔరంగజేబు కాలంలోనూ గుళ్ళు దెబ్బతిన్నాయి. తర్వాత రాజపుత్ర సంస్థానాధీశులు, మరాఠాలు, వర్తకులు మళ్ళీ కట్టించారు. ఈ రోజు ఒడ్డున కనబడే కట్టడాల్లో ఎక్కువ భాగం ఈ పునర్నిర్మాణానివే.

ఆ వర్తకుల్లో హైదరాబాదు సేటు ఒకడున్నాడు. పాత రంగ్‌జీ ఆలయాన్ని 1823లో కట్టించింది హైదరాబాదులో స్థిరపడిన సేఠ్ పూరణ్‌మల్ గనేరీవాల్. హైదరాబాదులోని సీతారాంబాగ్ ఆలయం కూడా అతని కట్టడమే. మార్వాడీ వర్తకుడు దక్కనులో సంపాదించి, శ్రీరంగనాథుణ్ణి రామానుజ సంప్రదాయంతో సహా తీసుకెళ్ళి ఎడారి ఊళ్ళో ప్రతిష్ఠించాడు. అందుకే రాజస్థానీ ఝరోకాల నడుమ దక్షిణాది గోపురం లేచి కనబడుతుంది. సిక్కుల పదో గురువు గోవింద్ సింగ్ వచ్చిన గుర్తుగా గోవింద ఘాట్ ఉంది. గాంధీజీ చితాభస్మం కలిపిన తర్వాత గౌ ఘాట్‌కు గాంధీ ఘాట్ అన్న పేరూ వచ్చింది. మునుల పరిగ్రహం అన్న మాటకు ఇన్ని తరాల్లో ఇన్ని రకాల మనుషులు అర్థం చెప్పారు.

కదిలే పుష్కరం, కదలని పుష్కరం

తెలుగువారికి పుష్కరమంటే ముందు గుర్తొచ్చేది ఈ ఊరు కాదు, నది. బృహస్పతి సింహరాశిలో ప్రవేశిస్తే గోదావరికి, కన్యలో ప్రవేశిస్తే కృష్ణకు పుష్కరాలు. అలా పన్నెండు రాశులు, పన్నెండు నదులు. 2015లో గోదావరికి, 2016లో కృష్ణకు పుష్కరాలు జరిగాయి. పన్నెండేళ్ళ కాలాన్నే పుష్కరమనడం ఇక్కడి వాడుక. ఈ కథలో పుష్కరుడు ఒక వ్యక్తి. తుందిలుడనే భక్తుడు శివుడి వరంతో జలాలకు అధిపతై పుష్కరుడయ్యాడు. సృష్టికి నీరు అవసరమై బ్రహ్మ అతణ్ణి కమండలంలో ఉంచుకున్నాడు. బృహస్పతి కూడా కావాలని అడిగాడు. చివరికి కుదిరిన ఒప్పందం ప్రకారం, బృహస్పతి రాశి మారినప్పుడు తొలి పన్నెండు రోజులు, చివరి పన్నెండు రోజులు పుష్కరుడు ఆ రాశికి చెందిన నదిలో ఉంటాడు.

రెండు కథలు వేరైనా బ్రహ్మ, నీరు, పుష్కరమన్న పేరు రెంటిలోనూ ఉన్నాయి. రాజస్థాన్‌లో మహిమ చోటును అంటిపెట్టుకుని ఉంది. తెలుగునాట అది కాలాన్ని పట్టుకుని నది నుంచి నదికి కదులుతుంది. గుడి పరిభాషలో చెప్పాలంటే ఒకటి మూలవిరాట్టు, ఇంకొకటి ఉత్సవమూర్తి. ఊరేగే మూర్తికి ఉన్న గౌరవం తక్కువేమీ కాదు, ప్రతి వాడకూ వెళ్ళగలగడం దాని ప్రత్యేకత. కదలని మూర్తి గర్భగుడిలో ఉందన్న నమ్మకంతోనే ఊరేగింపుకు అర్థం.

తీర్థమన్న మాటకు తెలుగులో ఉన్న అర్థాలు కూడా ఈ చర్చకు పనికొస్తాయి. దాటించేది తీర్థం అన్నది ధాత్వర్థం, రేవు అని మొదటి అర్థం. గుళ్ళో అర్చకుడు ఉద్ధరిణెతో చేతిలో పోసేది తీర్థం. కోనసీమలో కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభలు చేరే జాతర తీర్థం. గురువు తీర్థం గనుక ఒకే గురువు దగ్గర చదివినవారు సతీర్థ్యులు. చోటు, నీరు, జనం, జ్ఞానం — నాలుగింటికీ ఒకే మాట. మహిమ వీటిలో ఒక్కదానిదే అనుకుంటే ఆ మాటకు ఇన్ని అర్థాలు రావు.

ఎండిన చెరువు వేసిన ప్రశ్న

చుట్టుపక్కల కొండల్లో అడవి తగ్గడంతో వానకు మట్టి, గాలికి ఇసుక కొట్టుకొచ్చి పుష్కర సరస్సు పూడుతూ వచ్చింది. సరస్సులోకి నీరు వచ్చే పరీవాహక ప్రాంతం 22 చదరపు కిలోమీటర్లే. బావులు, బోర్లు లోతుకు పోయేకొద్దీ భూగర్భ జలం దిగింది. ఊరి మురుగు, పూజాద్రవ్యాలు చేరాయి. పూడిక తీసే పనుల తర్వాత వానలు మొహం చాటేయడంతో 2009లో చెరువు దాదాపు ఎండిపోయింది. ఆ ఏటి కార్తీక స్నానాలు ఘట్టాల దగ్గర కట్టిన తొట్లలో, బోరు నీళ్ళతో జరిగాయి.

శాస్త్రం దృష్టిలో ఆ స్నానం చెల్లుతుందా? చెల్లుతుందనడానికి ఆధారం ప్రతి పూజలోనూ ఉంది. కలశపూజలో చెంబుడు నీళ్ళలోకి గంగ, యమున, గోదావరి వంటి నదులను పేరుపెట్టి ఆవాహన చేస్తారు. పిలిస్తే వస్తాయన్నది నమ్మకం. అప్పుడు ఆ నీళ్ళు బావివా, కుళాయివా అన్నది ప్రశ్న కాదు. ఆ లెక్కన తొట్టి నీళ్ళు కూడా పుష్కరమే.

ఇక్కడే ఇంకో ప్రశ్న వస్తుంది. ఏ నీటిలోకైనా పిలవగలిగితే అసలు చెరువు దేనికి? ఆవాహన అంటే ఉన్నదాన్ని రమ్మనడం. కలశంలోకి గంగను పిలవాలంటే ఎక్కడో ఒకచోట గంగ పారుతూ ఉండాలి. మూలం ఎండిపోతే పిలుపు పేరుగా మాత్రమే మిగులుతుంది. తొట్టి స్నానం ఒక ఏడాదికి ఆపద్ధర్మంగా చెల్లుతుంది, ఎందుకంటే వచ్చే వానకు చెరువు నిండుతుందన్న ఆశ దాని వెనుక ఉంది. ఆ ఆశ కూడా పోతే మానస తీర్థం ఒక్కటే మిగులుతుంది. అది ఉత్తమమే అయినా, పులస్త్యుడు పేదవాడికి చూపించిన దారి మాత్రం మూసుకుపోతుంది.

అనుశాసనపర్వం చెప్పిన మూడు కారణాలను ఈ వెలుగులో మళ్ళీ చూస్తే వాటి మధ్య సంబంధం తెలుస్తుంది. నేల ప్రభావం, నీటి తేజస్సు తమంతట తాము నిలిచి ఉండేవని పాతకాలం అనుకుంది. మునుల పరిగ్రహమంటే వాటి మీద కలిసిన అదనపు విలువ. ఇప్పుడు వరుస తిరగబడింది. కొండ మీద చెట్టు ఉండడం, వాగుదారి మూసుకుపోకుండా ఉండడం, మురుగు మళ్ళడం, బోరుకు హద్దు ఉండడం — ఇవన్నీ మనుషులు ఆ చెరువును తమదనుకోవడం మీద ఆధారపడ్డాయి. తీర్థఫలం కోరేవాడికి పులస్త్యుడు చెప్పిన నిగ్రహం, ఉన్నదానితో తృప్తి అనే గుణాలే ఈ పనులకూ కావాలి. పుష్కర్‌లో నీటి తేజస్సు, చోటు ప్రభావం, మనసు శుద్ధి వేర్వేరు జవాబులుగా నిలవవు. మూడోది లోపిస్తే మొదటి రెండూ నిలబడవని 2009 నాటి ఖాళీ చెరువు చూపింది.